ఫోటాన్ పాములా మెలికలు తిరుగుతూ పోతుందా? పుస్తకంలో బొమ్మ చూసి బుర్ర తిరుగుతోంది

గీతలబుక్ | సోమవారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. ప్రశ్న చిన్నపిల్లల ప్రశ్నలా ఉంటే క్షమించండి.

మా పుస్తకంలో కాంతి విద్యుత్ ఫలితం దగ్గర ఒక బొమ్మ ఉంది. ఎడమవైపు నుంచి మెలికల బాణాలు వచ్చి లోహానికి తగులుతాయి, అక్కడి నుంచి గుండ్రటి ఎలక్ట్రాన్లు ఎగిరిపోతుంటాయి. మెలికల బాణం పక్కన ‘ఫోటాన్’ అని రాశారు. ఇన్నాళ్లూ నేను ఫోటాన్ అంటే చిన్న గోళీ అనీ, అది పైకీ కిందికీ ఊగుతూ ముందుకు పోతుందనీ, ఒక ఊపు పొడవే తరంగదైర్ఘ్యమనీ అనుకుంటూ వచ్చాను.

ఇవాళ కూర్చుని లెక్క చూస్తే తేడా కొట్టింది. కాంతి సెకనుకు 29,97,92,458 మీటర్లు పోతుంది. అది తిన్నగా కొలిచిన దూరం. మెలికల దారిలో పోతే గోళీ నడిచే దూరం ఇంకా ఎక్కువ, అంటే దాని అసలు వేగం కాంతి వేగాన్ని మించాలి. మించకూడదంటారు. మరి బొమ్మ తప్పా, నేను తప్పా?

నాలుగోబెంచి | సోమవారం, రాత్రి 9:52

బొమ్మలు చూసి చదివేవాళ్లకి ఇదే గతి. నేను బొమ్మ కూడా చూడకుండా పాసయ్యాను.

పాతల్యాబ్ | సోమవారం, రాత్రి 10:15

ప్రశ్న చిన్నపిల్లలది కాదు నాయనా. ముప్పై ఏళ్లు పాఠం చెప్పాను, ఆ బొమ్మని ఇలా నిలదీసినవాళ్లు నాకు నలుగురో ఐదుగురో తగిలారు.

తప్పు బొమ్మది. లేదా, బొమ్మ కింద ఒక మాట రాయకపోవడం తప్పు. ఆ మెలిక దారి కాదు, గ్రాఫు. నిలువు అక్షం మీద ఉన్నది మీటర్లు కాదు, విద్యుత్ క్షేత్రం. దాని ప్రమాణం వోల్ట్ పర్ మీటర్. ఈ చోట క్షేత్రం ఇంత బలంగా పైకి ఉంది, పక్క చోట సున్నా, ఆ పక్కన ఇంతే బలంగా కిందికి ఉంది అని చెప్పడానికి గీసిన గీత అది. జ్వరం చార్టులో గీత ఎక్కి దిగితే రోగి మంచం మీద ఎక్కి దిగుతున్నాడని అనుకోం కదా!

కాబట్టి పక్కకి ఊగే వస్తువేదీ అక్కడ లేదు. తాడు ఊపితే తాడు కదులుతుంది, చెరువులో రాయి వేస్తే నీరు కదులుతుంది. ఇక్కడ కదిలేది ఏమీ లేదు, ప్రతి చోటా క్షేత్రం విలువ మారుతుంది, అంతే. ఒక చోట విద్యుత్ క్షేత్రం మారితే అయస్కాంత క్షేత్రం పుడుతుంది, అది మారితే మళ్లీ విద్యుత్ క్షేత్రం. 1865లో మాక్స్‌వెల్ ఈ లెక్క వేసి వేగం ఎంతని చూస్తే, అప్పటికే కొలిచి పెట్టుకున్న కాంతి వేగంతో సరిపోయింది. కాంతి అంటే విద్యుదయస్కాంత తరంగమేనన్న నమ్మకం అక్కడి నుంచి వచ్చింది. దాన్ని ల్యాబ్‌లో పుట్టించి, పట్టుకుని చూపించినవాడు హెర్ట్జ్, 1887 ప్రాంతంలో.

అడ్డప్రశ్న | సోమవారం, రాత్రి 10:31

మాస్టారూ, తరంగం గురించి చెప్పారు, బాగుంది. కానీ అతను అడిగింది ఫోటాన్ గురించి. తరంగానికి గీసిన గ్రాఫు తలకి బాణం మొన తగిలించి ‘ఇది ఒక ఫోటాన్’ అంటే ఎలా? అదే కదా అసలు గొడవ.

పాతల్యాబ్ | సోమవారం, రాత్రి 10:44

ఒప్పుకుంటాను. ఆ మొన తగిలించడమే పాపం.

తీగమీదకాకి | మంగళవారం, ఉదయం 7:05

నేను యాంటెన్నాలతో పని చేస్తాను. మా వృత్తిలో ఫోటాన్ అన్న మాట ఎవరి నోటా వినపడదు. ఎందుకో లెక్క చెప్తాను, గీతలబుక్ తమ్ముడికి పనికొస్తుంది.

ఒక ఫోటాన్ శక్తి అంటే ప్లాంక్ స్థిరాంకాన్ని పౌనఃపున్యంతో (సెకనుకి ఎన్ని ఊపులో ఆ లెక్కతో) గుణించడమే. ప్లాంక్ స్థిరాంకం దాదాపు 6.626 × 10⁻³⁴ జౌల్ సెకన్లు. ఎఫ్‌ఎం రేడియో 100 మెగాహెర్ట్జ్ అనుకుంటే ఒక్కో ఫోటాన్‌కి 6.6 × 10⁻²⁶ జౌళ్లు. ఒక కిలోవాట్ ట్రాన్స్‌మిటర్ సెకనుకి దాదాపు 1.5 × 10²⁸ ఫోటాన్లు వదులుతుంది. ఒక్కోటి విడిగా చూద్దామంటే, గది వేడికి పరమాణువులు అటూ ఇటూ కదిలే శక్తే ఆ ఫోటాన్ శక్తికి 60,000 రెట్లు ఉంటుంది. జాతరలో చీమ అడుగుల చప్పుడు వినడం లాంటిది. మాకు కనపడేదల్లా యాంటెన్నాలో ఎలక్ట్రాన్లని ఒక తాళంలో ఊపే క్షేత్రమే. తరంగదైర్ఘ్యం 3 మీటర్లు, యాంటెన్నాని దాని సగానికో పావుకో కోస్తాం, పని జరుగుతుంది.

రెండో చివర గామా కిరణాలు. వాటిని పసిగట్టే గైగర్ కౌంటర్ టిక్, టిక్ అంటుంది, ఒక్కో టిక్ విడిగా వినపడుతుంది. పది లక్షల ఎలక్ట్రాన్ వోల్ట్‌ల (ఇంత చిన్న శక్తుల్ని కొలిచే ప్రమాణం అది) గామా తరంగదైర్ఘ్యం పరమాణువు సైజులో వందో వంతు. అక్కడ పనిచేసేవాళ్లకి తరంగం అన్నది పుస్తకంలో మాట.

రెండు చోట్లా ఉన్నది ఒకటే. మా చివర తరంగమే కనపడుతుంది, వాళ్ల చివర కణమే కనపడుతుంది. మన కంటికి కనిపించే కాంతి మధ్యలో ఇరుక్కుంది కాబట్టి రెండూ కనపడి గొడవ అయింది.

నాలుగోబెంచి | మంగళవారం, ఉదయం 7:30

అయితే రేడియో ఫోటాన్ 3 మీటర్ల పొడుగు ఉంటుందా అన్నా? తలుపులోంచి పడుతుందా?

తీగమీదకాకి | మంగళవారం, ఉదయం 7:41

వెటకారమైనా మంచి ప్రశ్నే. పొడుగు సంగతి నాకు సరిగ్గా తెలీదు, ఇక్కడే రాసే ‘శూన్యం’ గారు వస్తే చెప్తారు. తలుపు సంగతి మాత్రం మైక్రోవేవ్ ఓవెన్ చెప్తుంది. లోపలి తరంగం 2.45 గిగాహెర్ట్జ్, దైర్ఘ్యం 12 సెంటీమీటర్లు. తలుపు అద్దంలో ఉండే లోహపు జాలీ కన్నాలు ఒకటి రెండు మిల్లీమీటర్లే. తరంగం బయటికి రాలేదు. కాంతి తరంగదైర్ఘ్యం మిల్లీమీటరులో వెయ్యో వంతు కూడా ఉండదు కాబట్టి అది హాయిగా వచ్చేస్తుంది. అందుకే గిన్నె తిరగడం నీకు కనపడుతుంది, నీ మొహం ఉడకదు.

వెలుగుపురుగు | మంగళవారం, మధ్యాహ్నం 1:20

ఇంట్లో చేసి చూసిందొకటి చెప్తాను. చీకట్లో మెరిసే స్టిక్కర్లు ఉంటాయి చూడండి, పిల్లల గదిలో సీలింగుకి అంటించే నక్షత్రాలు. ఒకటి డబ్బాలో పెట్టి రాత్రంతా వదిలేశాను, మెరుపు పూర్తిగా చచ్చిపోయింది. తెల్లారి కర్టెన్లు వేసేసి, దాని మీదికి ఎర్ర ఎల్‌ఈడీ లైటు ఆనించి పది నిమిషాలు ఉంచాను. లైటు ఆపితే ఏమీ లేదు. చీకటే. తర్వాత చిన్న నీలం ఎల్‌ఈడీ, అదీ సగం చచ్చిన బ్యాటరీతో, ఒక్క సెకను చూపించాను. నక్షత్రం పచ్చగా వెలిగింది.

శక్తి మొత్తంగా చూస్తే ఎర్ర లైటే ఎన్నో రెట్లు ఎక్కువ పోసింది. అయినా ఉపయోగం లేకపోయింది. 650 నానోమీటర్ల ఎరుపుకి ఒక్కో ఫోటాన్‌లో 1.9 ఎలక్ట్రాన్ వోల్ట్‌లు. 450 నానోమీటర్ల నీలానికి 2.75. నక్షత్రం వదిలే పచ్చ వెలుగుకే 2.4 దాకా కావాలి. పది రూపాయల నాణెం మాత్రమే తీసుకునే మెషీన్‌లో గుప్పెడు రూపాయి బిళ్లలు పోస్తే ఏం లాభం?

లెక్క గుర్తుండాలంటే 1240ని నానోమీటర్లతో భాగించండి, ఎలక్ట్రాన్ వోల్ట్‌లు వస్తాయి.

గీతలబుక్ | మంగళవారం, సాయంత్రం 6:12

అక్కా, ఇది బ్రహ్మాండం! అంటే లోహంలోంచి ఎలక్ట్రాన్లు రావడం కూడా ఇదే కదా? ఎర్ర కాంతి ఎంత పోసినా రావు, అతినీలలోహితం కొంచెం చాలు.

పాతల్యాబ్ | మంగళవారం, రాత్రి 8:03

అదే. తమాషా ఏమిటంటే దాన్ని మొదట గమనించినవాడు హెర్ట్జే. తరంగాలు ఉన్నాయని నిరూపించడానికి పెట్టుకున్న పరికరంలోనే, అతినీలలోహిత కాంతి పడితే నిప్పురవ్వ సులువుగా దూకుతోందని చూశాడు. అడ్డంగా గాజు పెడితే ఆ ప్రభావం పోయింది, క్వార్ట్జ్ పెడితే పోలేదు. తరంగ సిద్ధాంతానికి పట్టాభిషేకం చేసిన బల్ల మీదే దానికి పక్కలో బల్లెం కూడా తయారైంది.

1902లో లెనార్డ్ తేల్చింది: కాంతి ఎక్కువ పోస్తే ఎలక్ట్రాన్ల సంఖ్య పెరుగుతుంది గానీ ఒక్కోదాని శక్తి పెరగదు. 1905లో ఐన్‌స్టీన్ కాంతి శక్తి ముద్దలుగా వస్తుందన్నాడు, ముద్ద శక్తిలోంచి లోహం వదలడానికి అయ్యే ఖర్చు తీసేస్తే ఎలక్ట్రాన్ శక్తి మిగులుతుందని సమీకరణం రాశాడు. అంతకు అయిదేళ్ల ముందు ప్లాంక్ వేడి వస్తువుల వెలుగు లెక్కలో ఈ ముద్దల్ని వాడుకున్నాడు గానీ, కాంతే అలా ఉంటుందని అనడానికి ఆయనకి మనసొప్పలేదు. ఇక మిల్లికన్ అయితే ఐన్‌స్టీన్ మాట తప్పని నమ్ముతూనే ఏళ్ల తరబడి లోహాల మీద ప్రయోగాలు చేసి, 1916 నాటికి ఆ సమీకరణం అక్షరాలా నిజమని చూపించాల్సి వచ్చింది. నాకు ఈ కథలో నచ్చే మనిషి ఆయనే. నమ్మకం ఒకటి, కొలత ఒకటి వస్తే కొలతనే అచ్చు వేయించాడు.

కాబట్టి ఫోటాన్ ఉందనడానికి కాంతి విద్యుత్ ఫలితమే రుజువు.

శూన్యం | మంగళవారం, రాత్రి 11:26

ఆలస్యంగా వచ్చాను, సారీ. పని మీద ఉన్నాను. మాస్టారి చివరి వాక్యం దగ్గర చిన్న గొడవ పెట్టుకుంటాను, ఏమీ అనుకోవద్దు.

కాంతి విద్యుత్ ఫలితం ఫోటాన్‌కి గట్టి రుజువు కాదు. కాంతిని పూర్తిగా మాక్స్‌వెల్ తరంగంగానే ఉంచి, లోహంలోని ఎలక్ట్రాన్లకి మాత్రం క్వాంటం నియమాలు పెడితే ఆరంభ పౌనఃపున్యం (ఎలక్ట్రాన్లు లేవడానికి కాంతికి ఉండాల్సిన కనీస పౌనఃపున్యం), ఐన్‌స్టీన్ సమీకరణం రెండూ వచ్చేస్తాయి. 1969లో లాంబ్, స్కల్లీ ఈ లెక్క చేసి చూపించారు. వెలుగుపురుగు గారి నక్షత్రం కూడా అంతే. శక్తి మెట్లు మెట్లుగా ఉన్నది పదార్థంలోనా, కాంతిలోనా అన్నది ఆ ప్రయోగం తేల్చదు.

తేల్చాలంటే ఇలా అడగాలి: ఒకే ఒక్క ఫోటాన్‌ని పంపి, సగం కాంతిని దాటనిచ్చి సగాన్ని పక్కకి మళ్లించే అద్దం మీద వేస్తే, రెండు వైపులా పెట్టిన డిటెక్టర్లు ఒకేసారి మోగుతాయా? తరంగమైతే చీలి రెండు వైపులా పోవాలి, అప్పుడప్పుడూ రెండూ కలిసి మోగాలి. 1986లో గ్రాంజియే, రోజే, ఆస్పే దీన్ని చేశారు. కాల్షియం పరమాణువు వెంటవెంటనే రెండు ఫోటాన్లు వదులుతుంది. మొదటిది ‘రెండోది వస్తోంది’ అని కబురు చెప్తుంది. ఆ రెండోదాన్ని అద్దం మీదికి పంపారు. రెండు డిటెక్టర్లూ కలిసి మోగడం దాదాపు లేదు. ముద్ద ముద్దగానే దొరికింది.

అసలు రుచి తర్వాతి భాగంలో ఉంది. అవే ఫోటాన్లని, అదే అద్దం తర్వాత డిటెక్టర్ల బదులు రెండు దారుల్నీ మళ్లీ కలిపేలా మార్చారు. వ్యతికరణం కనపడింది, అంటే రెండు దారుల తరంగాలు కలిసి ఒక చోట బలపడి, ఇంకో చోట రద్దయి వెలుగు చీకటి గీతలు వేసే పద్ధతి. ఒక్కటే వస్తోంది, ముక్కలవదు, అయినా రెండు దారుల పొడవుల తేడా దానికి తెలుసు.

పాతల్యాబ్ | బుధవారం, ఉదయం 6:10

ముప్పై ఏళ్లు చెప్పిన పాఠానికి సవరణ! రాసుకున్నాను. కాంప్టన్ సంగతేమిటి మరి?

శూన్యం | బుధవారం, ఉదయం 8:48

కాంప్టన్ 1923 ప్రయోగం చరిత్రలో బలంగా పనిచేసింది. 0.071 నానోమీటర్ల ఎక్స్‌రేని గ్రాఫైట్ మీద వేస్తే, 90 డిగ్రీల పక్కకి చెదిరినదాని తరంగదైర్ఘ్యం 0.0024 నానోమీటర్లు సాగి వచ్చింది. రెండు గోళీలు గుద్దుకున్నట్టు శక్తి, ద్రవ్యవేగం లెక్క వేస్తే సరిగ్గా అంతే. మామూలు కాంతికీ అంతే సాగాలి, కానీ 500 నానోమీటర్లలో 0.0024 ఎవరికి కనపడుతుంది? అందుకే ఎక్స్‌రేలే కావాల్సి వచ్చాయి.

నాలుగోబెంచి అడిగిన పొడుగు సంగతి. తరంగదైర్ఘ్యం ఫోటాన్ సైజు కాదు. సోడియం పరమాణువు పసుపు కాంతి వదలడానికి సగటున 16 నానోసెకన్లు పడుతుంది. ఆ లోపు కాంతి దాదాపు 5 మీటర్లు పోతుంది. అంటే 589 నానోమీటర్ల అలలు 80 లక్షలు వరసగా ఉన్న పొడుగాటి తరంగం, అంతా కలిపి ఒక్క ఫోటాన్. అదే కంటి రెటీనాలో ఒక్క అణువు దగ్గర పట్టుబడుతుంది. దాన్ని గోళీగా ఊహించుకుంటే ఇక్కడ తప్పకుండా ఇరుక్కుంటాం.

అడ్డప్రశ్న | బుధవారం, ఉదయం 9:15

అంటే చూసినప్పుడు కణం, చూడనప్పుడు తరంగం. మన మనసు ప్రభావం అన్నమాట. వీడియోల్లో ఇదే చెప్తారు.

శూన్యం | బుధవారం, ఉదయం 9:22

ఆ వీడియోలు వదిలేయండి. మనిషి గదిలో లేకపోయినా, డిటెక్టర్ రీడింగ్ ఎవరూ చదవకపోయినా ఫలితం అదే. ఏ దారిన పోయిందో ఆనవాలు ఎక్కడైనా మిగిలితే వ్యతికరణం గీతలు పోతాయి. ఆనవాలు అణువు మీద పడినా చాలు, మనసు అక్కర్లేదు.

వెలుగుపురుగు | బుధవారం, రాత్రి 9:50

ఆ ఆనవాలు ప్రయోగం ఇంట్లో చేశాను! ముందు మామూలుది చెప్తాను. ఎర్ర లేజర్ పాయింటర్‌ని పుస్తకాల మధ్య బిగించి, ముందు ఒక తలవెంట్రుకని అట్టముక్కకి నిలువుగా అంటించి పెట్టాను. 3 మీటర్ల అవతల గోడ మీద వెంట్రుక నీడ పడాలి కదా? పడలేదు. అడ్డంగా వరసగా ఎర్ర మచ్చలు, మధ్య మధ్య చీకటి. కాంతి వెంట్రుకకి రెండు పక్కల నుంచీ వచ్చి గోడ మీద కలుసుకుంటోంది. వరసగా ఐదు ఖాళీలు కొలిస్తే 14 సెంటీమీటర్లు, అంటే ఒక్కోటి 28 మిల్లీమీటర్లు. తరంగదైర్ఘ్యాన్ని దూరంతో గుణించి దీంతో భాగిస్తే నా వెంట్రుక మందం 70 మైక్రాన్లు. టేపుతో వెంట్రుక మందం కొలిచాను అంటే మా ఇంట్లో నమ్మలేదు. (లేజర్ కంట్లో పడకుండా చూసుకోండి, అద్దాలు దారిలో ఉంచకండి.)

తర్వాత పోలరాయిడ్ ఫిల్మ్ రెండు ముక్కలు. క్షేత్రం ఏ దిక్కున ఊగుతుందో అదే ధ్రువణం, ఈ ఫిల్మ్ ఒక్క దిక్కునే దాటనిస్తుంది. వెంట్రుకకి ఎడమవైపు నిలువు ధ్రువణం, కుడివైపు అడ్డ ధ్రువణం. మొదటిసారి ఒక పక్క మొత్తం నల్లబడిపోయింది. అరగంట తల పట్టుకున్నాక అర్థమైంది, లేజర్ కాంతికే ముందే ఒక ధ్రువణం ఉంది. పాయింటర్‌ని 45 డిగ్రీలు తిప్పితే రెండు పక్కలా సమానంగా వచ్చింది. అప్పుడు గోడ మీద గీతలు మాయం! వెలుగు ఉంది, గీతలు లేవు. గోడకి ముందు ఇంకో పోలరాయిడ్ 45 డిగ్రీల వాలులో పెడితే మళ్లీ వచ్చాయి.

అడ్డప్రశ్న | బుధవారం, రాత్రి 10:08

ఇందులో క్వాంటం ఎక్కడుంది? ధ్రువణాలు ఒకదానికొకటి లంబంగా ఉన్న రెండు తరంగాలు వ్యతికరణం చెందవని రెండు వందల ఏళ్ల క్రితం ఫ్రెనెల్‌కి తెలుసు.

శూన్యం | బుధవారం, రాత్రి 10:30

ఈసారి మీరు నూటికి నూరు పాళ్లు కరెక్ట్. లేజర్ పాయింటర్‌తో చేస్తే తరంగ సిద్ధాంతం చాలు, 1 మిల్లీవాట్ అంటే సెకనుకు 3 × 10¹⁵ ఫోటాన్లు. వింత ఏమిటంటే, ఒక్కొక్కటిగా పంపినా గోడ మీద అదే బొమ్మ వస్తుంది.

1909లో టేలర్ దాదాపు వెలుగుపురుగు గారి ప్రయోగమే చేశాడు. వెంట్రుక బదులు సూది. మసిపట్టిన గాజులు అడ్డం పెట్టి కాంతిని ఎంత తగ్గించాడంటే, మైలు దూరంలో కొవ్వొత్తి వెలుగంత. ఫోటో ప్లేటుకి మూడు నెలల ఎక్స్‌పోజర్. సూది నీడ చుట్టూ గీతలు అప్పుడూ అంతే స్పష్టంగా వచ్చాయి. అది నిక్కమైన ఒంటి ఫోటాన్ల మూలం కాదన్న అభ్యంతరం ఉంది, దాన్ని 1986 ప్రయోగం తీర్చింది.

ఎలక్ట్రాన్లతో ఇంకా బాగా చూడొచ్చు. 1989లో టోనొమురా బృందం ఒక్కో ఎలక్ట్రాన్‌నే పంపింది. తెర మీద పది చుక్కలున్నప్పుడు ఎక్కడపడితే అక్కడ పడినట్టుంటాయి. వందలోనూ అంతే. వేలు దాటాక చారలు తేలుతాయి. ప్రతి చుక్కా ఒక్క చోటే పడింది, కానీ ఎక్కడ పడే అవకాశం ఎంతన్నది తరంగం లెక్క కట్టింది. ఆ తరంగం పరిమాణాన్ని వర్గం చేస్తే ఆ అవకాశం వస్తుంది.

పాతల్యాబ్ | గురువారం, ఉదయం 6:25

ఎలక్ట్రాన్ మాట వచ్చింది కాబట్టి పిల్లలకి నేను చెప్పే ముచ్చట ఒకటి. ఎలక్ట్రాన్ కణమని చూపించిన జె.జె. థామ్సన్‌కి 1906లో నోబెల్. అది తరంగంలా వివర్తనం చెందుతుందని (అడ్డు తగిలితే వంగి వ్యాపిస్తుందని) చూపించినందుకు ఆయన కొడుకు జి.పి. థామ్సన్‌కి 1937లో నోబెల్, డేవిసన్‌తో కలిపి. తండ్రీకొడుకుల్లో ఎవరి మాటా తప్పు కాలేదు.

గీతలబుక్ | గురువారం, సాయంత్రం 5:55

అయితే ఆ బొమ్మ ఎలా గీయాలి? దీపానికీ లోహానికీ మధ్య ఏం పెట్టను?

శూన్యం | గురువారం, సాయంత్రం 6:40

దీపం గీయి. లోహం మీద ఎలక్ట్రాన్ లేచిన చోట చుక్క పెట్టు. మధ్యలో చెరువు అలల్లా వలయాలు గీయి. గోళీ వద్దు, బాణం మొన వద్దు. చుక్క ఎక్కడ పడుతుందో వలయాలు ముందుగా చెప్పవు, ఎక్కడెక్కడ ఎక్కువ పడతాయో మాత్రం చెప్తాయి. మా ల్యాబ్ బోర్డు మీద మేమూ అలాగే గీస్తాం, తొందరలో ఉంటే మెలికల బాణమే గీసేస్తాం, ఒట్టు.

గీతలబుక్ | శనివారం, రాత్రి 10:05

వలయాలతో గీశాను. లేజర్ కూడా పెట్టాను. 3 మీటర్ల దూరంలో నా వెంట్రుక 62 మైక్రాన్లు. నాన్న మీసం వెంట్రుక ఒకటి అడిగి తీసుకున్నాను, ఖాళీ 18 మిల్లీమీటర్లు, అంటే 108 మైక్రాన్లు. కానీ అదే మీసం వెంట్రుకని అట్టముక్కలోనే కొంచెం మెలితిప్పి మళ్లీ కొలిస్తే ఖాళీ 22 వచ్చింది. మూడుసార్లు చూశాను, తప్పు కొలవలేదు. అక్కా, మీసం గుండ్రంగా ఉండదా?